కిడ్స్ క్లబ్ చాలా సేఫ్ అట

ఆదివారం మధ్యాహ్నం సత్తెమ్మ పప్పు తాలింపు వేస్తుంటే రాములు ఫోన్ పట్టుకుని పొయ్యి దగ్గరికి వచ్చాడు. అతను షూటింగుల్లో లైట్‌మ్యాన్. ఆ రోజు పనిలేక యూసుఫ్‌గూడలోని ఆ ఒక్క గదిలోనే పొద్దుటినుంచీ అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"మీ మేడమ్ వీడియో పెట్టింది. సముద్రం కాడిది. చూస్తవా?"

ఫోన్‌లో భావన నవ్వుతోంది. జుట్టు గాలికి ఎగురుతోంది.

"హాయ్ అండీ! పిల్లలతో బీచ్ రిసార్ట్‌కి వెళ్తే ఏం ఎక్స్‌పెక్ట్ చేయొచ్చు అని చాలామంది అడుగుతున్నారు కదా. రండి, అంతా చూపిస్తాను."

గది చూపించింది. పిల్లల కోసం కట్టిన మోకాలి లోతు కొలను చూపించింది. పొద్దున టిఫిన్ల వరుస చూపించింది. తర్వాత రంగురంగుల బొమ్మలు వేసిన గోడ ముందు నిలబడి చెప్పింది.

"ఇది కిడ్స్ క్లబ్. చాలా సేఫ్ అండీ! పిల్లల్ని ఇక్కడ వదిలేసి మీరు హాయిగా రెస్ట్ తీసుకోవచ్చు. మా చిన్నూని మేమసలు పట్టించుకోనే లేదు, అంత బాగా చూసుకున్నారు!"

సత్తెమ్మ గరిటె పక్కన పెట్టింది.

"మళ్ల పెట్టు."

రాములు మళ్ళీ పెట్టాడు. ఆ ఒక్క ముక్కా మూడోసారి కూడా పెట్టించుకుంది. ఆవాలు మాడిన వాసన గదంతా నిండింది. ఆమె కదల్లేదు.

"సేఫ్ అట," అంది చివరికి. "ఏం నోరది? గట్ల ఎట్ల చెప్పొస్తది?"

భావన పెళ్ళికి ముందు రెండు సినిమాల్లో హీరోయిన్ చెల్లెలిగా వేసింది. ఇప్పుడు పిల్లల పెంపకం మీదా ప్రయాణాల మీదా వీడియోలు చేస్తుంది. లక్షలమంది చూస్తారు. భర్త శ్రీకృష్ణ సినిమాలు కొని జిల్లాలకు పంపిణీ చేస్తాడు. జూబ్లీహిల్స్‌లో మూడంతస్తుల ఇల్లు. వాళ్ళ పాప చిన్మయి, ముద్దుగా చిన్నూ, పురిటి స్నానాల నుంచీ సత్తెమ్మ చేతిలోనే పెరిగింది. ఇప్పుడు నాలుగేళ్ళు. సత్తెమ్మను "సత్తీ" అని పిలుస్తుంది, ఆమె ముద్ద పెడితేనే నోరు తెరుస్తుంది. ఎవరైనా ఇంటికొస్తే భావన చెప్పే మాట ఒకటుంది: "సత్తెమ్మ పనిమనిషి కాదండీ, మా ఫ్యామిలీ."

పోయిన నెలలో, విశాఖ దాటాక కొత్తగా కట్టిన ఆ రిసార్ట్ వాళ్ళు వీడియో చేసిపెట్టమని భావనను కుటుంబంతో రమ్మన్నారు. "నువ్వూ రా సత్తెమ్మా, సముద్రం చూద్దువుగాని," అంది భావన. సత్తెమ్మ అంతవరకూ సముద్రం చూడలేదు. ఎర్రగడ్డ మార్కెట్‌కు పోయి కొత్త చెప్పులు కొనుక్కుంది. ఇసుకలో నడిచేటప్పుడు జారనివి కావాలని షాపువాణ్ణి విసిగించి మరీ తెచ్చుకుంది.

రిసెప్షన్‌లో అందరి మణికట్టుకూ నీలం పట్టీలు కట్టారు. సత్తెమ్మకు బూడిదరంగుది కట్టారు.

"అటెండెంట్స్‌కి ఇది అండీ," అంది అక్కడి అమ్మాయి నవ్వుతూ.

దాని అర్థం కాసేపటికి తెలిసింది. బూడిద పట్టీ ఉన్నవాళ్ళు కొలను దగ్గరికి పోకూడదు. భోజనాల హాల్లోకి పోకూడదు. బీచ్‌లోకి పోకూడదు. బట్టలుతికే షెడ్డు వెనక డ్రైవర్ల క్యాంటీన్ ఉంది, అక్కడ తినాలి.

"రెండు రోజులే కదా, అడ్జస్ట్ అయిపో. వాళ్ళ రూల్ అట," అంది భావన.

ఆ రాత్రి చిన్మయి హాల్లో ఒక్క మెతుకు ముట్టలేదు. శ్రీకృష్ణకు చిరాకొచ్చింది. పాపనూ ప్లేటునూ వెనక నడవాలోకి పంపించారు. అక్కడ సత్తెమ్మ ఎంగిలి ప్లేట్ల బండి పక్కన నిలబడి పాపకు తినిపించింది. వెయిటర్లు "జరగమ్మా, జరగమ్మా" అంటూ పోతూ వస్తూ ఉన్నారు. ప్రతిసారీ ఆమె పాపను ఎత్తుకుని గోడకు అతుక్కుంది. సముద్రం చప్పుడు మాత్రం వినపడుతోంది.

మర్నాడు భావన కొలను దగ్గర వీడియో తీయించుకుంటోంది. శ్రీకృష్ణ ఫోన్‌లో ఉన్నాడు. చిన్మయిని కిడ్స్ క్లబ్‌లో వదిలారు. సత్తెమ్మను గదిలోనే ఉండమన్నారు, కానీ గది తుడిచేవాళ్ళు వచ్చి బయటికి పంపేశారు. షెడ్డు దగ్గర నీడలో నిలబడింది. అక్కడి నుంచి కంచె సందులో బీచ్ కొంచెం కనిపిస్తోంది. ఇసుకలో పసుపు గౌను ఒకటి కదిలింది. ఒంటరిగా, నీళ్ళవైపు.

ఆ గౌను పొద్దున తనే తొడిగింది.

"చిన్నూ!" అని అరుస్తూ పరుగెత్తింది. బీచ్ గేటు దగ్గర గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇటు రాకూడదమ్మా."

"పిల్ల! గాడ పిల్ల ఒక్కతే పోతున్నది!"

అతను ఆమె మణికట్టు చూశాడే తప్ప, ఆమె చూపిస్తున్న వైపు చూడలేదు. "గ్రే బ్యాండ్‌కి పర్మిషన్ లేదు. మేనేజర్‌ని అడిగి రా," అంటూ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. గౌను నీళ్ళ అంచు దాటింది. సత్తెమ్మ వంగి అతని చెయ్యి కొరికింది. అతను కెవ్వుమన్నాడు. ఆమె ఇసుకలో పడి లేచి పరుగెత్తింది. కొత్త చెప్పులు ఎక్కడో ఊడిపోయాయి. అల వచ్చి పాపను పడదోసింది, వెనక్కి లాక్కుపోయింది. నడుము లోతులో సత్తెమ్మ చేతికి గౌను అంచు దొరికింది. అది పట్టుకుని లాగింది. ఉప్పునీళ్ళు ముక్కులోకి, నోట్లోకి పోయాయి. కోక బరువెక్కి కాళ్ళకు చుట్టుకుంది. పాపను భుజాన వేసుకుని ఎలా బయటపడిందో ఆమెకే తెలీదు.

పాప నీళ్ళు కక్కి, గుక్కపట్టి ఏడ్చి, "నీ దగ్గరికే వస్తున్నా సత్తీ," అంది. క్లబ్ వెనక తలుపు తెరిచి ఉంటే ఆమెను వెతుక్కుంటూ బయటికొచ్చేసిందట. క్లబ్‌లో ఉన్న ఒక్క అమ్మాయీ ఇంకో పిల్లవాడి మొహానికి రంగులు వేస్తోంది.

జనం పోగయ్యారు. మేనేజర్ వచ్చాడు. ముందుగా గార్డు చెయ్యి చూశాడు. భావన పరుగున వచ్చి పాపను లాక్కుని గుండెకు హత్తుకుంది. శ్రీకృష్ణ మొహం ఎర్రబడింది. అందరిముందూ సత్తెమ్మ మీద అరిచాడు.

"పిల్లని చూసుకోమని నిన్ను తీసుకొస్తే ఎక్కడ తిరుగుతున్నావ్?"

సత్తెమ్మ ఒంటినుంచి నీళ్ళు కారుతున్నాయి. భావన వైపు చూసింది. ఒక్క మాట అంటుందని. భావన పాప తల తుడుస్తూ ఉండిపోయింది. ఆ సాయంత్రం మేనేజర్ వాళ్ళ గదికి పెద్ద కేకు పంపించాడు. తిరిగొచ్చేటప్పుడు శ్రీకృష్ణ చెప్పాడు: "ఈ విషయం మా అమ్మకి చెప్పొద్దు. బీపీ ఉంది." సత్తెమ్మ తలూపింది. ఇంత జరిగాక ఇక ఆ వీడియో పెట్టరులే అనుకుంది.

పెట్టారు.

"నేను రేపు పోయి అడుగుత," అంది రాములుతో.

"పెద్దోళ్లతోని మనకెందుకే? నీ పని పోతది. సార్ ఒక్క ఫోన్ జేస్తే నా పని గూడ పోతది."

"పోనీ."

ఇద్దరూ మాడిన పప్పు తిన్నారు.

సోమవారం పొద్దున జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర బస్సు దిగి ఎత్తు ఎక్కేటప్పుడు, ఏం అడగాలో మనసులో పేర్చుకుంటూ నడిచింది సత్తెమ్మ. ఇంట్లోకి అడుగుపెట్టేసరికి అవన్నీ ఎగిరిపోయాయి. హాల్లో శ్రీకృష్ణ తల్లి రాజ్యలక్ష్మి కాఫీ తాగుతూ పెద్ద టీవీలో అదే వీడియో చూస్తోంది.

"చూశావా సత్తెమ్మా, మా కోడలు ఎంత బాగా చేసిందో!"

భావన కిటికీ పక్కన వీడియో లైటు సరిచేసుకుంటోంది.

"అమ్మా, గా వీడియో తీసెయ్యుండ్రి," అంది సత్తెమ్మ.

భావన అత్తగారి వైపు ఒకసారి చూసింది. "తర్వాత మాట్లాడదాం. చిన్నూ లేచే టైమైంది, పాలు కలుపు."

"పాలు తర్వాత. కిడ్స్ క్లబ్ సేఫ్ అన్నరు గదా. ఏడ సేఫ్? జర నాకు గూడ చెప్పుండ్రి."

భావన దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "నీ గురించి చెప్పలేదని కోపమా? నెక్స్ట్ వీడియోలో నిన్ను కూడా చూపిస్తాలే."

సత్తెమ్మ గొంతు పెంచింది.

"నన్ను జూపియ్యమని వచ్చిన్నా నేను? నా మొఖం ఎవనికి గావాలె? గా వీడియో చూసి ఎంతమంది తల్లులు పిల్లలను గాడ ఇడిచిపెడ్తరో ఎరుకేనా? గాళ్ల పిల్ల నీళ్లల్లకు పోతే ఎవరు ఉరుకుతరు? గా గార్డు చెయ్యి కొరికెటోళ్లు ఎవరుంటరు గాడ?"

రాజ్యలక్ష్మి కప్పు కింద పెట్టింది. "నీళ్ళలోకి పోవడమేంటి? ఎవరు పోయారు?"

"అత్తయ్యా, ఏం లేదు..."

"నీ మనమరాలు పెద్దమ్మా! సముద్రంల కొట్టుకపోతుంటే గుంజుకొచ్చిన. నీకు చెప్పొద్దన్నరు."

మెట్ల మీద నుంచి శ్రీకృష్ణ దిగి వచ్చాడు. "గొంతు తగ్గించు. ఇదేమైనా మీ బస్తీ అనుకున్నావా?"

"తగ్గియ్య సార్. గానాడు తగ్గిచ్చిన. అందరి ముంగట మీరు తిడితే నోరు మూసుకున్న. పిల్ల బతికింది, గంతే చాలనుకున్న. నన్ను గేటు బయట నిలవెట్టింది మీరు. మళ్ల ఏడ తిరుగుతున్నవని నన్నే అడిగింది మీరు. ఫ్యామిలీ అంటరు, ఎంగిలి ప్లేట్ల కాడ నిలవెడ్తరు. గదంత ఇడిచిపెడ్త. గానీ అబద్ధం చెప్పి ఊరి పిల్లలను గాడికి తోల్తరా? మీకు పిల్ల లేదా?"

టీవీలో భావన నవ్వుతూనే ఉంది. రాజ్యలక్ష్మి లేచి వెళ్ళి దాన్ని ఆపేసింది.

"నిజమేనా రా?" అని కొడుకుని అడిగింది.

"చిన్న ఇన్సిడెంట్ అమ్మా. పాపకేం కాలేదు కదా. వాళ్ళు సారీ చెప్పి కేకు కూడా పంపారు. వాళ్ళతో అగ్రిమెంట్ ఉంది, చెడుగా చెప్పకూడదు."

"అగ్రిమెంటా? సముద్రంతో కూడా రాయించుకున్నావా అగ్రిమెంటు? పిల్ల చచ్చి బతికితే, వాళ్ళు పంపిన కేకు కోసుకు తిని వచ్చారా మీరంతా?" ఆమె కోడలి వైపు తిరిగింది. "నువ్వు తల్లివి కాదుటే? ఆ మాట నీ నోటికెలా వచ్చింది?"

భావన కుర్చీలో కూలబడింది. ఏడుపు మొదలైంది. సత్తెమ్మకు జాలి కలగలేదు. కొంగున ముడేసుకున్న పాప అలమర తాళంచెవి విప్పి బల్ల మీద పెట్టింది.

అప్పుడే చిన్మయి కళ్ళు నులుముకుంటూ వచ్చి ఆమె కాళ్ళు చుట్టేసుకుంది. "సత్తీ, ఎత్తుకో."

సత్తెమ్మ ఎత్తుకుంది. మెడ వంపులో మొహం పెట్టి ఒక్క క్షణం ఉంది. తర్వాత పాప వేళ్ళను కొంగు నుంచి మెల్లగా విడిపించి, పాపను రాజ్యలక్ష్మి చేతికి అందించింది. గేటు దాటేదాకా వెనక పాప ఏడుపు వినపడుతూనే ఉంది. దిగుడులో నడుస్తుంటే తనకూ ఏడుపొచ్చింది. వచ్చినందుకు తన మీద తనకే కోపమొచ్చి, కళ్ళు గట్టిగా తుడుచుకుంది.

మరుసటి వారం ఆ వీడియో కనపడకుండా పోయింది. దాని చోట ఇంకొకటి వచ్చింది. అందులో భావన మొహానికి రంగు లేదు. పాత వీడియోలో తప్పు చెప్పానని, క్లబ్ తలుపు తీసి ఉండగా చిన్నూ సముద్రంలోకి వెళ్ళిపోయిందని, ఏ రిసార్ట్‌కు వెళ్ళినా పిల్లల్ని ఎవరికీ వదిలేయొద్దని చెప్పింది. "మాతో వచ్చిన ఒకావిడ చూసి కాపాడారు," అంది.

"ఒకావిడనా?" అంది సత్తెమ్మ. "నాకు పేరు లేదా?"

"చెప్పింది గదనే. ఒప్పుకున్నది గద," అన్నాడు రాములు.

"ఒప్పుకున్నది. పిల్లలకు మంచిగైంది. నేను గాదంటలే. గానీ ఒకావిడ ఎట్లయిన నేను?"

శ్రీకృష్ణ స్నేహితుడు తీస్తున్న సినిమాకు రాములును రమ్మన్నవాళ్ళు మళ్ళీ పిలవలేదు. ఎందుకో ఎవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు. సత్తెమ్మకు ఫిల్మ్‌నగర్‌లో ఒక చిన్నపిల్లల బడిలో ఆయా పని దొరికింది.

ఒక ఆదివారం సత్తెమ్మ వాళ్ళ సందు మొదట్లో కారు ఆగిపోయింది. అక్కడి నుంచి భావన చిన్మయిని ఎత్తుకుని నడిచొచ్చింది. చిన్మయి దూకి సత్తెమ్మ ఒళ్ళో వాలిపోయింది. పక్కింటి మేకపిల్ల కనపడగానే దాని వెంట పడింది. భావన ప్లాస్టిక్ కుర్చీలో అంచున కూర్చుంది.

"వచ్చెయ్ సత్తెమ్మా. అత్తయ్య కూడా రోజూ అడుగుతున్నారు."

"రానమ్మా."

"ఆ రోజు బీచ్‌లో నేను మాట్లాడాల్సింది. ఆయన నిన్ను అంటుంటే ఊరుకున్నాను. తప్పు నాది."

"అవును. మాట్లాడాల్సుండె," అంది సత్తెమ్మ. పర్వాలేదమ్మా అనలేదు. ఆ మాట కోసం భావన ఎదురుచూస్తోందని తెలిసీ అనలేదు.

కాసేపటికి చిన్మయి అలసిపోయి వచ్చింది. సత్తెమ్మ పాప కాళ్ళు కడిగి, తుడిచి, కారుదాకా ఎత్తుకెళ్ళింది.

"ఐతారం ఐతారం తోలియ్యుండ్రి. పిల్లను చూస్త. పనికి మాత్రం రాను."

భావన తలూపి కారెక్కింది.

సత్తెమ్మ తిరిగొచ్చేసరికి రాములు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "జర మెత్తవడ్డట్టున్నవ్," అన్నాడు.

"పడలే," అంది. అంట్లు ముందేసుకుని కూర్చుంది. గిన్నెల చప్పుడు సందు చివరిదాకా వినపడింది.