సీమకత్తి పదును

స్వరాజ్యం వచ్చిన మరుసటేడు ముక్తేశ్వరంలో తిరపతిరాజు అనే ఆసామి, గడ్డం గీస్తుండగా తన చెంప మీద ఒక్క నెత్తుటిచుక్క పొడిచిందని మా నాన్నను అరుగు మీంచి కిందికి తన్నాడు. కుడి మణికట్టు విరిగింది. ఆ చెయ్యి మళ్ళీ కత్తి పట్టలేదు.

ఇక మా మంగలివాళ్ళ చేతులు తన మొహాన పడకూడదని తిరపతిరాజు కాకినాడ నుంచి సీమకత్తి, దొరలు గడ్డం గీసుకునే విలాయితీ కత్తి, తెప్పించుకున్నాడు. వారంలో ఆయన కూతురి పెళ్ళి. కత్తి నూరడం నేర్పమని సిగ్గు లేకుండా నన్నే పిలిపించాడు.

సానరాయి మీద కత్తి అంచు ముందు నడవాలి. తోలుపట్టీ మీద మొద్దుగా ఉండే వీపు ముందు నడవాలి, లేకపోతే పదును చచ్చిపోతుంది. మా ఇళ్ళలో పసివాళ్ళకీ తెలుసిది. రాయి పని ఉన్నదున్నట్టు నేర్పాను. తోలు దగ్గర తిరగేశాను.

“ఇక్కడా అంచే ముందండి. గట్టిగా లాగండి.”

“తోలు గీరుకుపోతోందేంరా?”

“కొత్త తోలు కదండి. రోజూ లాగండి, పెళ్ళిరోజు దాకా మొహాన పెట్టకండి.”

పెళ్ళినాడు పొద్దున్నే కబురొచ్చింది. వెళ్ళేసరికి పెరట్లో కూర్చుని ఉన్నాడు. సగం గడ్డం అలాగే ఉంది. మిగతా సగం నిండా పటిక, కాగితమ్ముక్కలు, నెత్తురు. మగపెళ్ళివారు అప్పటికే రేవులో పడవ దిగారు.

“నువ్వు గియ్యరా,” అన్నాడు నా వైపు చూడకుండా.

“నాకింకా చెయ్యి తిరగలేదండి. మా నాన్నగారైతే ఒక్క చుక్కతో పోయేదండి.”

కత్తుల పొది చంకన పెట్టుకుని వచ్చేశాను.