మూడో అధ్యాయంలో కృష్ణప్ప

పుంగనూరు కోర్టులో నన్నెవరూ ఝాన్సీ అని పిలవరు. ఎల్లెల్లెమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది మా సీనియర్ గోవిందరాజులు గారే. నల్లకోటు వేసుకుని మూడేళ్లయ్యాక, ప్రాక్టీసు మానకుండానే ఎల్లెల్లెం చదువుతానని నేనన్నప్పుడు, "నేల ఇడిసి సాము నేర్చుకునేదానికి పోతాండావు" అని నవ్వారు. నవ్వనీ. దారి హక్కుల చట్టం నాకు కొట్టిన పిండి. దానిమీదే థీసిస్ రాస్తున్నాను. మా గైడు సుమలత మేడం కుప్పంలో ఉంటారు. మూడో అధ్యాయం మొత్తం చదివి ఒక్క తప్పు పట్టలేకపోయారు. "బాగుంది. కానీ ఇందులో మనుషులు లేరమ్మా" అన్నారంతే. మనుషులెందుకు మేడం, సెక్షన్లు చాలవా అని మనసులోనే అనుకుని బస్సెక్కాను.

ఆ అధ్యాయం సారం చిన్నదే. పక్కవాడి పొలంలోంచి ఇరవై ఏళ్లు బాహాటంగా, అడ్డు లేకుండా, హక్కుగా నడిస్తే ఆ దారి మీద మనకు హక్కు వస్తుంది. కానీ అడిగి నడిచి ఉండకూడదు. అడిగితే అది అనుమతి. ఇచ్చినవాడు ఎప్పుడు కావాలంటే అప్పుడు కాదనవచ్చు.

అచ్చం అలాంటి కేసే మా ఆఫీసులో ఉంది. చౌడేపల్లె దగ్గర ఒక పల్లెలో ముప్పై ఇళ్లవాళ్లు గొర్రెలు మేపుకుని బతుకుతారు. మందలు గుట్టకు పోవాలంటే ఉమాపతి అనే రైతు చేను పక్కగా పోవాలి. ఆయన టమాటా పెట్టి, డ్రిప్పు పైపులు వేసి, ఆ దారికి అడ్డంగా కంచె నాటాడు. చుట్టు తిరిగి పోతే ఐదు కిలోమీటర్లు. ఎండల్లో ఈనిన గొర్రెలు అంత దూరం నడవలేవు. కేసు ఓడితే మందలు అమ్ముకోవలసిందే. మా ముఖ్య సాక్షి కృష్ణప్ప. డెబ్బై దాటిన మనిషి. నడక వచ్చినప్పటి నుంచి ఆ దారినే గొర్రెలు తోలినవాడు.

ఆయన సాక్ష్యం చెప్పే రోజున సీనియర్ గారికి మదనపల్లెలో వేరే కేసు పడింది. "నువ్వు సూసుకో" అని వెళ్లిపోయారు. చూసుకోవడమేమిటి, నమిలి మింగేస్తాను అనుకున్నాను.

అవతలి లాయరు ముదురు. గొంతు పెంచలేదు. కృష్ణప్పతో బంధువులా మాట్లాడాడు.

"ఏమప్పా, ఉమాపతి పెద్దరైతు గదా. ఆయన చేన్లోకి పోయేటప్పుడు మర్యాదగా అడిగి పోతారా, దౌర్జన్యంగా పోతారా?"

కృష్ణప్పకు రోషం వచ్చింది. "దౌర్జన్యం చేసేదానికి మేమేమన్నా దొంగలా సార్? చేను ఇంకా దూరం ఉండంగానే 'అప్పా, మంద వస్తాండాది' అని కేకేస్తాము. అడక్కుండా ఏపొద్దూ పోలేదు. మా నాయన గూడా అంతే."

"అంటే అడిగే పోతారు."

"అడిగే పోతాము!"

లాయరు నావైపు ఒకసారి చూసి కూర్చున్నాడు. ఉమాపతి కండువా సర్దుకున్నాడు.

నేను రాసిన అధ్యాయం ప్రకారం మా కేసు అక్కడికి సరి. ముసలాయన చేసిన నేరమల్లా మర్యాదగా బతకడమే. కోపం వచ్చింది. ఆయన మీద కాదు, నా మీద. ముప్పై ఇళ్ల బతుకు నా చేతుల్లో పెడితే, ఈ ఒక్క సంగతీ ఆయన్ను ముందుగా కూర్చోబెట్టి అడగలేదు. సెక్షన్లు చాలనుకున్నాను కదా.

మా సాక్షిని మళ్లీ ప్రశ్నించే అవకాశం ఇంకా ఉంది. అయితే జవాబు నోటికి అందించే ప్రశ్నలు వేయకూడదు. జవాబు మనకు తెలియని ప్రశ్న అసలే వేయకూడదన్నది సీనియర్ గారి మొదటి పాఠం. నాకు జవాబు తెలియదు. కానీ నేను కురబలకోటలో గొర్రెల మధ్య పెరిగిన పిల్లను. మా తాత కూడా అలాగే కేకేసేవాడు. ఆ గొంతులో బతిమాలడం నాకెప్పుడూ వినిపించలేదు. లేచి నిలబడ్డాను.

"తాతా, మీరు కేకేసినప్పుడు చేన్లో ఎవరూ లేకపోతే ఏం చేస్తారు?"

"ఏం చేసేదుండాదిమ్మా? కేకేసి పోతాము."

"ఉన్నవాళ్లు వద్దంటే?"

"వద్దనేదానికి ఆయప్ప ఎవురు? మా తాతల కాలం నుంచి పోయే దోవ."

"మరి కేక ఎందుకు?"

అవతలి లాయరు అభ్యంతరం అంటూ లేచాడు. జడ్జి గారు చేత్తోనే ఆయన్ను కూర్చోబెట్టారు. కృష్ణప్ప నన్ను జాలిగా చూశాడు. ఇంత చదివిన పిల్లకు ఇది కూడా తెలియదా అన్నట్టు.

"సూడుమ్మా. కుక్క ఉంటే కట్టేసుకుంటారు. ఆడోళ్లుంటే పక్కకు పోతారు. మా ఇంట్లోకి పొయ్యేటప్పుడు గూడా నేను వాకిట్లో ఒక దగ్గు దగ్గే పోతాను. లోపల కోడలుంటాది గదా. అట్లని ఇల్లు నాది కాకుండా పోతాదా?"

కోర్టు హాలంతా నవ్వింది. జడ్జి గారు నవ్వలేదు. ఆ మాటలను ఉన్నవి ఉన్నట్టు రాయమని టైపిస్టుకు చెప్పారు. నేనిక ఏమీ అడగలేదు. ఒక్క మాట ఎక్కువ అడిగి చెడగొట్టుకునేంత తెలివితక్కువదాన్ని కాను.

నాలుగు నెలలకు తీర్పు వచ్చింది. కంచె తీసేయమన్నారు. దగ్గు మాట పదకొండో పేరాలో ఉంది. సీనియర్ గారు దాన్ని రెండుసార్లు చదివి, "ఝాన్సీ, కాఫీ తాగుదాం రా" అన్నారు. పేరు పెట్టి పిలిచారని నాకు కాఫీ అయ్యాక గానీ తట్టలేదు.

మూడో అధ్యాయం పక్కన పడేసి మళ్లీ మొదటి నుంచి రాశాను. అనుమతి అడగడం వేరు, వస్తున్నామని చెప్పడం వేరు అన్నచోట మేడం పెన్ను ఆపారు. "దీనికి ఆధారం ఎవరు?"

"కింద నోట్‌లో ఉంది మేడం. కృష్ణప్ప, గొర్రెల కాపరి."

ఆమె ఆ పేరు పక్కన టిక్కు పెట్టి, పేజీ తిప్పారు.

థీసిస్ అట్ట వేయించాక, ఆ పేజీ చూపిద్దామని పల్లెకు వెళ్లాను. కృష్ణప్ప మందతో గుట్టకు బయలుదేరుతున్నాడు. నేనూ వెంట నడిచాను. చేను దగ్గర కంచె లేదు, దానికి పాతిన రాళ్లు పీకిన గుంతలు మాత్రం ఉన్నాయి. ముసలాయన ఆగి, గొంతెత్తాడు. "అప్పా, మంద వస్తాండాది!"

"కోర్టు తీర్పిచ్చినాక గూడా యాల తాతా ఈ కేక?"

"తీర్పు ఆయప్ప కుక్క సదివిందా ఏంది?"

మోటారు షెడ్డు దగ్గరున్న ఉమాపతి మమ్మల్ని చూశాడు. కుక్కను పిలిచి, గొలుసు వేసి, షెడ్డు గుంజకు కట్టేశాడు. మంద ముందుకు కదిలింది.