తాతగారి పాటల పెట్టె

నరసరావుపేటలో విత్తనాల షాపు లక్ష్మీనరసయ్యకి అరవయ్యో ఏట ఒక తాత కావాల్సొచ్చాడు. మామూలు తాత కాదు, పాటలు వినే తాత.

ఎదురింటి డాక్టర్ రాజీవ్ ఇంట్లో అన్నీ పాతకాలం సామాన్లే. ఏది ముట్టుకున్నా "మా ముత్తాతగారిదండీ" అంటాడు. అది విని విని కడుపుడికిపోయి, నరసయ్య వడ్రంగి మౌలాలీ చేత టేకుతో ఒక పాటల పెట్టె చేయించాడు. నడుమెత్తు, వంపు తిరిగిన కాళ్ళు, ఇత్తడి మరలు, ముందు బంగారు రంగు జాలీ గుడ్డ. చూస్తే జమీందారుల కాలం నాటి రేడియోగ్రామ్. లోపల మాత్రం బ్లూటూత్. నరసయ్య ఫోను దగ్గరకొస్తే దానంతటదే కలుపుకుంటుంది. ఫోన్ మాట్లాడినా అవతలి గొంతు పెట్టెలోంచే వస్తుంది. అందుకే ఆయన భార్య రాఘవమ్మ దానికి గుట్టు దాగని డబ్బా అని పేరు పెట్టింది.

"ఎక్కడిదండీ ఇది?" అన్నాడు రాజీవ్ చూసి.

"మా తాతది," అన్నాడు నరసయ్య తడుముకోకుండా. "పాట వినందే అన్నం ముట్టేవాడు కాదు."

ఆ తాత రోజురోజుకీ ఎదిగాడు. కొన్నాళ్ళకి హార్మోనియం కూడా నేర్చుకున్నాడు.

ఒకరోజు రాజీవూ, మరో నలుగురు పెద్దమనుషులూ హాల్లో కూర్చుని తాత కబుర్లు వింటుండగా, రెంటచింతల నుంచి నరసయ్య అక్క పుల్లమ్మ, బావ యల్లమంద దిగారు. పుల్లమ్మ గుమ్మంలోనే నిలబడి అంతా విన్నది. ఆమె ఎరిగిన తాత జన్మలో విన్న సంగీతం ఎద్దు మెడలో గంటలే.

"ఒరేయ్ నరసయ్యా, తాతదా ఇది?"

నరసయ్య కళ్ళతోనే బతిమాలాడు. "అవునక్కా. నువ్వప్పుడు చిన్నదానివి, గుర్తుండదు."

"నీకంటే పెద్దదాన్ని గదరా."

"అటక మీద ఉండేదిలే."

"ఉండే ఉంటది." పుల్లమ్మ సోఫాలో సర్దుకుని కూర్చుంది. "తాత సొత్తయితే మరి నాకూ వాటా ఉండాలిగా. పంపకాల్లో ఇది కనపడలేదేంది? డాక్టరుగారూ, చదువుకున్నోళ్ళు, మీరే చెప్పండి."

రాజీవ్ ఉంటుందనే చెప్పాడు.

"సగానికి కోస్తే పాట ఎటు పోద్దో," అన్నాడు యల్లమంద తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ. "వంతులేసుకుందాం. ఆర్నెల్లు మీకు, ఆర్నెల్లు మాకు. ఇన్నాళ్ళూ మీ కాడే ఉంది గదా, ముందు మా వంతు."

నరసయ్య అక్కని వంటింట్లోకి లాక్కెళ్ళాడు. "అక్కా, అది కొత్తది. మౌలాలీ చేశాడు."

"నాకు తెలవదంట్రా? ఆ ముక్క హాల్లోకొచ్చి చెప్పు. ఇప్పుడే వదిలేస్తా."

చెప్పలేకపోయాడు. సాయంత్రానికి పెట్టె దుప్పటి కప్పుకుని ట్రాలీ ఆటోలో రెంటచింతల పోయింది.

ఆర్నెల్లు గడిచినా తిరిగి రాలేదు. అడిగితే, "ఎండలు తగ్గనీరా, టేకు పగులుద్ది," అంటుంది పుల్లమ్మ. రెంటచింతలలో ఎండలు తగ్గేదెప్పుడు?

నరసయ్య ఒక ఎత్తు వేశాడు. ఖాళీ ట్రాలీ ఆటో ఎక్కుతూ, "అన్నాల వేళకి ఫోన్ చెయ్యి," అని రాఘవమ్మకి చెప్పాడు. ఏం మాట్లాడాలో చెప్పలేదు. ఆ పెట్టె గురించి ఆమె ఏం మాట్లాడుద్దో ఆయనకి కంఠతా వచ్చు.

వెళ్ళేసరికి పుల్లమ్మ ఇంటి నిండా ఇరుగుపొరుగు. ఆమె పెట్టె మీద చెయ్యేసి చెబుతోంది. "మా మామగారిది. పాట వినందే అన్నం ముట్టేవాడు కాదు."

పక్కింటి బాలశౌరి నరసయ్య వైపు తిరిగాడు. "ఏం బావా, ఆ పెద్దాయన్ని నువ్వెరుగుదువా?"

"ఎరగకపోవడమేంది," అన్నాడు నరసయ్య. "హార్మోనియం కూడా వాయించేవాడు."

యల్లమంద గొప్పగా మర తిప్పాడు. పెట్టె నరసయ్య జేబులో ఫోన్ని పట్టుకుంది. అంతలోనే ఫోన్ మోగింది. నరసయ్య ఏమీ ఎరగనట్టు నొక్కాడు.

"ఏమయ్యా," అంది పెట్టె రాఘవమ్మ గొంతుతో, "మౌలాలీ చేసిన ఆ డబ్బా ఇచ్చిందా మీ అక్క? నిరుడు చేయించినదానికి తాతలంట, వాటాలంట."

అందరి తలలూ పెట్టె వైపు తిరిగాయి.

"మీ నాయనది ఆడగొంతా యల్లమందన్నా?" అన్నాడు బాలశౌరి.

నరసయ్య ఎంతో నొచ్చుకున్నట్టు తలొంచుకున్నాడు. "ఇంకేం దాస్తాంలే అక్కా. కొత్తదే. తాతది కానప్పుడు వాటా లేదు. ఆటో బయటే ఉంది."

పుల్లమ్మ తొణకలేదు. "విన్నారుగా, కొత్తదంట. మా తమ్ముడు టేకుతో చేయించి, దుప్పటి కప్పి మరీ పంపాడు. దీన్నేమంటారు బాలశౌరీ?"

"సారె అంటారు వదినా."

"ఆడబిడ్డకి పెట్టిన సారె తిరిగి మోసుకుపోయినోడు పల్నాడులో ఎవడన్నా ఉన్నాడా?"

"లేడు వదినా," అంది రాఘవమ్మ పెట్టెలోంచి.

ఆటో ఎట్లా పోయిందో అట్లాగే ఖాళీగా వచ్చింది. ఇంటి ముందు దిగుతుంటే ఎదురింటి గేటు దగ్గర రాజీవ్.

"తాతగారి పెట్టె తేలేదేంటండీ?"

"అక్కకి సారె పెట్టేశానండీ," అన్నాడు నరసయ్య. "తాత ఆఖరి కోరిక."