రెట్టింపు జీతం

ఆ వీధిలో ఆమెను అందరూ పళ్ళావిడ అంటారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు ఆ మాట విని, డజను ఎంతమ్మా అని అడిగిన సందర్భాలూ ఉన్నాయి. ఆమెవి తినే పళ్ళు కావు, తినడానికి కావలసిన పళ్ళు. ఊడిన పంటి స్థానంలో పెట్టే పింగాణీ పళ్ళు, ముసలివాళ్ళ పళ్ళ సెట్లు పదకొండేళ్ళుగా ఒకే ల్యాబులో చేస్తోంది. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తే, ప్లాస్టర్ పోసి, ఆకారం దిద్ది, పింగాణీ పొడిని సన్నటి కుంచెతో పొర మీద పొర అద్ది చిన్న కొలిమిలో పెడుతుంది. ఎదుటి మనిషి మొహం కన్నా ముందు పళ్ళు చూడడం ఆమెకు అలవాటైపోయింది. "నన్ను మొదటిసారి చూసినప్పుడూ అంతే, సంతలో ఎద్దును చూసినట్టు పళ్ళే చూసింది" అని భర్త నలుగురిలో ఆటపట్టిస్తుంటాడు.

ఆమె చేసిన ఒక ముందు పన్ను పెద్ద నగరం దాకా వెళ్ళింది. అది పెట్టుకున్న మనిషి అక్కడ వేరే పంటికి డాక్టరు దగ్గరకు వెళ్తే, నోట్లో ఏది అసలు పన్నో ఏది పెట్టుడు పన్నో ఆ డాక్టరు పోల్చుకోలేకపోయాడట. ఆ మాట అక్కడి పెద్ద ల్యాబు చెవిన పడింది. వాళ్ళు ఫోన్ చేశారు. ఇప్పటి జీతానికి రెండింతల పైమాటే ఇస్తామన్నారు.

పళ్ళావిడ ఆ సంగతి మధ్యాహ్నం భోజనం దగ్గర చెప్పింది. ల్యాబు నుంచి ఇంటికి నడిచి ఆరు నిమిషాలు. రోజూ ఇంటికొచ్చే తింటుంది. భర్త మోటార్లు బాగుచేస్తాడు. అతని కొట్టు కింది వాటాలోనే.

"మోటార్లు ఎక్కడైనా కాలతాయి. నా గురించి చూసుకోకు. కానీ అక్కడ అద్దెలు మండిపోతాయంటారు. రెట్టింపు జీతం అక్కడికెళ్ళాక రెట్టింపుగానే ఉంటుందా అని?" అన్నాడు అతను.

"అక్క ఉంటోంది కదండీ ఆరేళ్ళ నుంచి. బావగారిది నా కన్నా తక్కువ జీతమే. రాజాలా ఉన్నామంటుంది."

"మీ అక్క మాటలకేం, కోటలు దాటతాయి. ఒకసారి వెళ్ళి కళ్ళారా చూసి రా."

ల్యాబు యజమానితో అక్కకు ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పి, మూడు రోజులు సెలవు పెట్టి, ఏడేళ్ళ కూతురిని భర్తకు అప్పజెప్పి ఆమె రైలెక్కింది.

ఆరేళ్ళలో అక్క ఇంటికి వెళ్ళడం అదే మొదటిసారి. ఎప్పుడూ అక్కే వచ్చేది, చేతినిండా సంచులతో. ఫోన్లో తమ ఇంటి గురించి చెబుతుంటే కళ్ళకు కట్టినట్టుండేది. తీరా వెళ్ళి చూస్తే లిఫ్టు లేని ఐదో అంతస్తు. తలుపు తీస్తే హాలు, హాలు మధ్యలో పైకప్పు అందని చెక్క గోడ. దానికి ఇంకా రంగు వెయ్యలేదు, రంపం పొట్టు వాసన కూడా పోలేదు.

"ఇదేంటక్కా?"

"గది చేయించాం. చిన్న గదులైతే ఊడ్చుకోవడం తేలిక" అంది అక్క నవ్వుతూ. పళ్ళావిడ అలవాటు కొద్దీ పళ్ళు చూసింది. కింది వరసలో ఒక దవడ పన్ను లేదు. ఎప్పుడు పోయిందని అడిగితే, మొన్ననే, ఇంకా కట్టించుకోలేదు అంది అక్క. చిగురు పూర్తిగా మానిపోయి గట్టిపడి ఉంది. అది మొన్నటిది కాదని పళ్ళావిడకు తెలియకుండా ఎలా ఉంటుంది? అయినా ఊరుకుంది. బావగారు కుశలమడిగి, టీ తాగి, పనుందంటూ బయటికి వెళ్ళిపోయాడు.

మరునాడు అక్క తెలిసిన బ్రోకరును వెంటబెట్టుకుని ఇళ్ళు చూపించింది. మొదటిది ల్యాబుకు దగ్గర. లోపలికి అడుగుపెట్టాలంటే మంచం మడవాలి, మంచం వేస్తే తలుపు తెరుచుకోదు. కిటికీ తీస్తే పక్కింటి గోడ చేతికి తగిలింది. బ్రోకరు అద్దె చెప్పాడు. పదకొండేళ్ళు చేతులు కాయలు కాసేలా పనిచేసి ఇప్పుడామె తెచ్చుకుంటున్న జీతం మొత్తం సరిగ్గా అంత. రెండో ఇల్లు కాస్త ఇల్లులా ఉంది. ఇంటావిడ పాప వయసు అడిగి, పిల్లలున్నవాళ్ళకు ఇవ్వం, గోడలు పాడవుతాయి అని తలుపు వేసుకుంది. మూడోది ఊరి చివర. అక్కడి నుంచి ల్యాబుకు రైల్లో గంటన్నర, అదీ నిలబడి. పాపను లేవకముందే వదిలి వెళ్ళాలి, పడుకున్నాక వచ్చి చూడాలి.

బ్రోకరు తుండుతో మెడ తుడుచుకుంటూ అడిగాడు. "ఏమీ అనుకోకండి మేడమ్, మీ జీతమెంత? దాన్నిబట్టి చూపిస్తా."

ఆమె రాబోయే జీతం కొంచెం గర్వంగానే చెప్పింది. తమ ఊళ్ళో ఆ అంకె వింటే ఇరుగుపొరుగు నాలుగు రోజులు అదే చెప్పుకుంటారు.

"అదా సంగతి. ఆ జీతానికి కిటికీ అడగకూడదు మేడమ్" అన్నాడు అతను. అతని గొంతులో వెటకారం లేదు. ఉన్నమాట చెప్పాడు.

మధ్యాహ్నం ల్యాబుకు వెళ్ళింది. ల్యాబు అద్దంలా ఉంది. ఆమె ఇన్నాళ్ళూ బొమ్మల్లోనే చూసిన కొలిములు వరసగా ఉన్నాయి. మేనేజరు ఆమె చేత ఒక పన్ను చేయించి, భూతద్దం పెట్టి చూసి, "ఎప్పుడొస్తారు?" అన్నాడు. ఆ మాటకు ఆమె ఒళ్ళు పులకరించింది. పదకొండేళ్ళలో తన పనిని ఎవరూ భూతద్దం పెట్టి చూసింది లేదు.

ల్యాబులో అందరికన్నా సీనియరు నెరిసిన తలాయన. గోడవారగా నిలబడి డబ్బాలో భోజనం గబగబా ముగిస్తున్నాడు. ఆయన చేయి తిరిగిన పనివాడని బల్ల మీది పళ్ళు చూడగానే ఆమెకు అర్థమైంది.

"మీరెక్కడుంటారండీ?" అని అడిగింది.

"ఇల్లంటే... మంచం ఉందమ్మా. పగలు వాచ్‌మన్ ఒకాయన పడుకుంటాడు. ఆయన డ్యూటీకి వెళ్ళాక నేను పడుకుంటా. దుప్పట్లు మాత్రం ఎవరివి వాళ్ళవే."

"మరి ఇంట్లోవాళ్ళు?"

"ఊళ్ళోనే. ఒక ఏడాది సర్దుకుంటే వాళ్ళనీ తెచ్చుకోవచ్చనుకున్నా. తొమ్మిదేళ్ళయింది." డబ్బా మూత బిగించి ఆయన నవ్వాడు. "ఊరందరి పళ్ళూ నేనే చేస్తానా, నా కూతురికి పాలపళ్ళు ఊడటం మాత్రం ఫోనులో చూశా. జీతానికేం లోటు లేదమ్మా, నెల నెలా ఇంటికి చేరుతుంది. నేనే చేరను."

మూడో రోజు ఆదివారం. పొద్దున్నే ఇంటి యజమాని వచ్చాడు. బావగారు బాత్రూములో ఉన్నాడు, అక్క కొళాయి దగ్గర. తలుపు పళ్ళావిడే తీసింది.

"మీరేనా చెల్లెలు? మంచిదమ్మా. ఒకటో తారీకు నుంచి మీ సామాను పెట్టుకోవచ్చు. ఈ చెక్క గోడ కూడా మీకోసమే ఒప్పుకున్నా. రెండు కుటుంబాలు కలిసి అద్దె కడతామంటేనే మీ అక్కావాళ్ళను ఉండనిచ్చా, లేకపోతే పోయిన నెలే ఖాళీ చెయ్యాల్సింది" అని, చెప్పాల్సింది చెప్పేసి ఆయన మెట్లు దిగిపోయాడు.

పళ్ళావిడ వెనక్కి తిరిగేసరికి అక్క బిందె పట్టుకుని నిలబడి ఉంది. బాత్రూములో నీళ్ళ చప్పుడు ఆగింది గాని, తలుపు మాత్రం తెరుచుకోలేదు.

"ఆ గది నాకా అక్కా?"

అక్క బిందెను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది.

"ఈ ఉద్యోగం మాట ఫోన్లో చెప్పగానే, ఇవాళే బయల్దేరి రా అన్నావు. జీతం చూసి మురిసిపోయావనుకున్నా. నీ సగం అద్దెకు మనిషి కావాలని అనుకోలేదు."

"మీ బావగారికి ఎనిమిది నెలల నుంచి సగం జీతమే వస్తోందే" అంది అక్క, బిందె దించకుండానే. "రేపో మాపో మళ్ళీ పూర్తిగా ఇస్తారని చూశాం. పన్ను నొప్పెడితే పీకించుకున్నాను గాని కట్టించుకోలేదు. నువ్వేమో పళ్ళు చేసేదానివి, నిన్ను అడగడానికి సిగ్గేసింది."

"నాతో చెప్పొచ్చుగా!"

"చెబితే వచ్చేదానివా?"

"రాకపోదును. కానీ నిన్ను తీసుకెళ్ళేదాన్ని."

"ఏ మొహం పెట్టుకుని రానే? వచ్చినప్పుడల్లా వీధి వీధంతా తిరిగి చెప్పిందాన్ని. ఇప్పుడు మూటాముల్లె సర్దుకుని దిగితే ఆ వీధే నన్ను చూసి నవ్వదూ?"

"అందుకని నన్ను ఈ చెక్క గోడ అవతల పెడతావా? నా కూతుర్ని పెడతావా?"

"మేం ఉండట్లేదా?" అక్క గొంతు ఒక్కసారిగా లేచింది. "ఆరు నిమిషాల్లో ఇంటికొచ్చి వేడివేడిగా తిని వెళ్ళేదానివి, నీకేం తెలుస్తుందే? నాలుగు రోజులు నువ్వూ పడితే తెలుస్తుంది!"

ఆ మాట అని అక్క బిందె మోసుకుని లోపలికి వెళ్ళిపోయింది. పళ్ళావిడ సంచి సర్దుకుంది. వెళ్ళొస్తానని చెప్పడానికి బాత్రూము తలుపు దగ్గరకు వెళ్ళి, లోపల మనిషి ఊపిరి కూడా బిగబట్టుకుని నిలబడి ఉన్నాడనిపించి, పిలవకుండానే దిగిపోయింది.

రైల్లో ఆమెకు రెండు విషయాలు తేటతెల్లమయ్యాయి. నగరం ఇచ్చే రెండింతల జీతాన్ని నగరమే తిరిగి తీసేసుకుంటుంది. తన ఊరు తక్కువిచ్చినా, కూతురు నిద్రలేచి కళ్ళు నులుముకుంటూ ఉంటే చూడనిస్తుంది. రానని మేనేజరుకు దారిలోనే చెప్పేసింది. చెప్పాక ఏడుపొచ్చింది. ఆ భూతద్దం గుర్తొచ్చి.

సోమవారం ల్యాబులో అడుగుపెట్టగానే యజమాని పిలిచాడు. పళ్ళావిడ చేసిన సెట్టే పెట్టుకుని పదేళ్ళుగా నవ్వుతున్న మనిషి.

"మీ అక్కకు ఎలా ఉందమ్మా?"

"పరవాలేదు సార్."

"నగరం ల్యాబువాళ్ళు నాకు ఫోన్ చేశార్లే, నువ్వెలాంటిదానివని. బంగారం అని చెప్పా." కోపం లేదాయనకు. తీరుబడిగా అడిగాడు. "ఇళ్ళు చూశావా? అద్దెలు ఎలా ఉన్నాయి?"

ఆమె తలొంచుకుంది. ఆ తలొంచుకోవడమే ఆయనకు చాలు.

"అదే మరి. ఈ ఏడు జీతం పెంచుతానన్నాను కదూ? ప్రస్తుతానికి అది పక్కన పెడదాం. పెంచకపోతే వెళ్ళిపోతావేమోనని ఇన్నాళ్ళూ నాకొక భయం ఉండేది. ఎక్కడికీ పోలేవని ఇప్పుడు నీకూ తెలిసింది, నాకూ తెలిసింది. అబద్ధం చెప్పి సెలవు పెట్టిన సంగతి మర్చిపోతాలే. వెళ్ళి పని చూసుకో."

బల్ల మీద ఒక ముందు పన్ను అచ్చు ఎదురుచూస్తోంది. ఎవరో పాతికేళ్ళమ్మాయిది, సాయంత్రానికి కావాలట. పళ్ళావిడ కుంచె తీసుకుంది. ఒక్క ఛాయ తేడాగా వేస్తే చాలు, డాక్టరు తిప్పి పంపుతాడు, యజమాని నెత్తీనోరూ బాదుకుంటాడు. వేద్దామనే అనుకుంది. పొడి కలిపింది కూడా. కానీ నోటి ఫొటోలో ఆ అమ్మాయి పక్క పన్ను అంచు కొద్దిగా నీలంగా, పలచగా, వెలుగు దూరేట్టు ఉంది. ఆ నీలం రావాలంటే ఏం చెయ్యాలో ఆమె చేతులకు తెలుసు. చేతులు తమ పని చేసుకుపోయాయి.

సాయంత్రం డాక్టరు ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. "మా ల్యాబంటే ఏమనుకున్నారు మరి!" అని యజమాని ఫోనులో పళ్ళన్నీ కనబడేలా నవ్వుతుంటే, పళ్ళావిడ కొలిమి ఆపి, కుంచెలు కడిగి, చెప్పులు వేసుకుని ఇంటికి నడిచింది.