అప్పన్న దీపం, పైడమ్మ బ్యాటరీ

నేను ఒక కారు బ్యాటరీని. నాలోపల సీసం పలకలు, యాసిడ్డు. నెత్తిన ఆరు మూతలు. అంతకుమించి ఆస్తిపాస్తులేమీ లేవు. బొబ్బిలి దగ్గర టాక్సీ తోలే సన్యాసిరావు నన్ను కొనుక్కున్నాడు. పెళ్లిళ్లకీ పురుళ్లకీ అతనితో తెగ తిరిగాను. ఆ హారను గోలకి విసుక్కునేదాన్ని కూడాను.

అతనికి గుండెజబ్బు వచ్చి, స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాక బండి పాకలో పడింది. అమ్మేద్దామంటే భార్య పైడమ్మ ఒప్పుకోలేదు. మళ్లీ నొప్పొస్తే ఆసుపత్రికి చేర్చడానికి ఇదొక్కటే దిక్కు, పక్కింటి సూర్రావుకి తోలడం వచ్చు అంది. సన్యాసిరావు మంచం మీంచే నన్ను ఆవిడకి అప్పగించాడు.

"నెలకోపాలి ఛార్జింగెట్టించు. డిస్టిల్ వాటరు తగ్గితే పొయ్యి. నల్లవైరు ఊడదీసి ఉంచు. ఖాళీ అయిపోనిచ్చేవంటే మరి లెగదు."

"నాను సూసుకుంతాను, నువ్వు తొంగో మావా."

చూసుకుంది మహాతల్లి! చంటిబిడ్డకి చేసినట్టు నన్ను తుడిచేది, వైర్లు తగిలించే చోట వాజిలీన్ రాసేది. కానీ నల్లవైరు తీస్తే, బండి లోపల స్టీరింగు పక్కన పెట్టిన సింహాద్రి అప్పన్న పటం ముందున్న చిన్న ఎర్రబల్బు ఆరిపోయేది. పెనిమిటి మంచాన పడి ఉండగా దేవుడి దీపం ఆర్పడానికి ఆవిడకి చేతులు రాలేదు. అతనికి చెప్పకుండా వైరు బిగించేసి, బల్బు వేసి, దణ్ణం పెట్టుకుంది. ఓసి పిచ్చిదానా, ఆ దీపం రేయింబవళ్లు నన్నే తాగుతోందని చెప్పడానికి నాకు నోరేది?

ఒకనాడు పొద్దున్నే సన్యాసిరావుకి నొప్పి వచ్చింది. వెనక సీట్లో పడుకోబెట్టారు. సూర్రావు తాళం తిప్పాడు. టిక్కుమన్నాను. మళ్లీ తిప్పాడు. మళ్లీ అంతే. దీపం వెలిగించేంత ప్రాణం ఉంది నాలో, ఇంజను లేపేంత లేదు.

"అప్పన్న దీపమెలుగుతోంది కదరా, బండెందుకు లెగదు? ఇంకోపాలి తిప్పు నాయనా!" అని పైడమ్మ ఏడ్చింది. ఎవరో పరుగెత్తి ఆటో తెచ్చేసరికి ఆవిడ ఒళ్లోనే అతను పోయాడు.

దినాలయ్యాక మెకానిక్ జిలానీ వచ్చాడు. బానెట్టు ఎత్తకముందే, వేసి ఉన్న బల్బు స్విచ్చి అతని కంట పడింది. జరిగిందేమిటో తెలిసిపోయింది. పైడమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"నానేటైనా తప్పు సేసేనా బాబూ?"

అతను స్విచ్చి మెల్లగా కట్టేశాడు. "లేదమ్మా. లోపల పలక ఇరిగిపోనాది. ఎవులు సూసుకున్నా పోయీదే."

నా పలకలన్నీ బాగానే ఉన్నాయి. అబద్ధాలకోరు జిలానీ, అల్లా అతన్ని చల్లగా చూడాలి!

పైడమ్మ వచ్చి నన్ను కాలితో తన్నింది. "నీ నోట మన్ను పడ! మా మావని మింగీసేవు కదే!"

ఇప్పుడు పాతసామాన్ల కొట్టులో పడి ఉన్నాను. రేపో మాపో కరిగించేస్తారు. నాకు రోషం ఎక్కువే, అయినా ఆ నింద మోస్తాను. తిట్టు తల్లీ. కడుపారా నన్నే తిట్టు.