బుజ్జమ్మ నడుమెముక

బుజ్జమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుడుతోంది. ఆకు నములుతున్న అత్త అలివేలమ్మ, ఉప్పు అందుకో అన్నంత తేలిగ్గా అంది: "పట్నం దవాఖానల నీ నడుమెముకలకెల్లి జర మజ్జ తీస్తరంట. రెండొద్దులు పండుకుంటే అయిపాయె. ఏమైతది?"

ఏమవుతుంది! బుజ్జమ్మకు ఒళ్లు మండిపోయింది. ఈ ఇంట్లో ఆమెకెప్పుడు ఏమైంది గనక!

మొగుడు వెంకట్రాములు గద్వాల చీరలు నేస్తాడు. కండెలు చుట్టేది, గంజి పెట్టేది, తెగిన పోగులు అతికేది, మధ్యలో పొయ్యి మీద అన్నం చూసుకునేది బుజ్జమ్మ. నూలిచ్చే షావుకారు ఎప్పుడైనా "నువ్వేం చేస్తవమ్మా?" అని అడిగితే ఆమె నోరు తెరవకముందే వెంకట్రాములు అంటాడు: "ఏం జెయ్యదు సేటు, ఇంటికాడనే ఉంటది." అప్పుడు ఆమె ఒళ్లో పది వేళ్లకూ నూలు చుట్టుకునే ఉంటుంది.

బీడీ మీద బీడీ కాల్చి కాల్చి వెంకట్రాములు కాలి రక్తనాళాలు మూసుకుపోయాయి. మగ్గం కింద పలక తొక్కే కాలే అది. బొటనవేలు నల్లబడింది, పుండు మానడం లేదు. కాలు తీసెయ్యాల్సి రావచ్చని గద్వాల డాక్టరు చెప్పిన రోజు బుజ్జమ్మ కూడా కుళ్లి కుళ్లి ఏడ్చింది, అబద్ధమెందుకు. పట్నంలో కొత్త వైద్యమొకటి పరీక్షిస్తున్నారని కూడా ఆ డాక్టరే చెప్పాడు. ఎముక మజ్జలోని కణాలు తీసి, పెంచి, కాలికి సూదులేస్తారట. మజ్జ రోగిదైనా సరే, ఇంకొకరిదైనా సరే అన్నాడు. ఇల్లు చేరేసరికి ఆ మొదటి మాట అందరూ మర్చిపోయారు. ఆ ఇంకొకరు ఎవరని ఒక్కరూ అడగలేదు. అడగడమెందుకు, ఇంట్లో ఉంది కదా!

పిల్లలు చాలనుకున్నప్పుడూ ఇంతే. "మగ్గం మీద కూసుండేటోడు, వానికి కోతలెందుకు" అంది అలివేలమ్మ. కోత బుజ్జమ్మకు పడింది. కుట్లు ఆరకముందే రాట్నం ముందుకొచ్చింది. అప్పట్నుంచీ నడుం నొప్పే. చెప్పుకుంటే "మా కాలంల గివన్ని యాడివి" అంటుంది అత్త. వెంకట్రాములు టీవీ సౌండు పెంచుతాడు.

పట్నం దవాఖానలో డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. "మజ్జలోంచి తీసే వీటిని మెసెంకైమల్ కణాలంటాం. కొత్త రక్తనాళాలు పుట్టడానికి సాయపడతాయని ఆశ. ఇంకా పరీక్షల్లోనే ఉంది, మానుతుందని మాట ఇవ్వలేను. బీడీ మానకపోతే మాత్రం ఏ కణాలూ పనిచెయ్యవు. దాతల మజ్జతోనూ చేస్తున్నాం గానీ, మీకు మీ మజ్జే సరిపోతుంది. తుంటి ఎముకలోంచి తీస్తాం."

వెంకట్రాములు ముఖం పాలిపోయింది. బుజ్జమ్మ వైపు వేలు చూపించాడు. "ఆమెది తీయుండ్రి మేడం. ఆమెకు అలవాటే."

అలవాటే! అబ్బ, ఎంత సులువుగా అన్నాడు!

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి ఆమె వైపు తిరిగింది. "అమ్మా, మీకు ఇష్టమేనా?"

ఇష్టమా అన్న మాట బుజ్జమ్మకు కొత్త. కోతప్పుడు అడగలేదు, కుట్లప్పుడు అడగలేదు, పెళ్లిచూపుల్లో అయితే వంటొచ్చా అని అడిగారు. ఇష్టమా అని కాదు. కళ్లు తుడుచుకుంది.

"ఇష్టం లేదు మేడం."

"ఏందే, గట్లంటవ్?" వెంకట్రాములు అదిరిపడ్డాడు.

"నీ కాలు, నీ ఎముక. పక్కన కూసుంట, బువ్వ తినిపిస్త, పుండు కడుగుత. మజ్జ మాత్రం నీదే తీపిచ్చుకో."

 అతను చిన్నపిల్లాడిలా గొణిగాడు: "నొప్పైతదేమో... అమ్మకు ఏమని చెప్పాలె?"

బుజ్జమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని లేచి నిలబడింది.

"దవాఖానల నన్ను అడిగిండ్రని చెప్పు. అడిగితే, వద్దన్నదని చెప్పు."