ఏడో బాతు

ఆరే ఉన్నాయి. ఆమె బకెట్లోని గుడ్డముక్కల్ని ఒక్కొక్కటే పిండి తీగ మీద ఆరేసి మళ్ళీ లెక్కపెట్టింది. ఆరే. చంటిదానికి పొట్టయిపోయిన గౌనును నిన్న సాయంత్రం ముక్కకో బాతు బొమ్మ వచ్చేలా ఏడు ముక్కలుగా చింపింది. ఆరు బాతులు తీగ మీదున్నాయి. లేనిదేదో కూడా తెలుసు. గుండీ ఊడని భుజం ముక్క.

ఇంటిముందు రేకుల షెడ్డే మొగుడి వర్క్‌షాపు. అందులో బానెట్ ఎత్తి నిలబెట్టిన టాక్సీకి మూడు వారాలు కష్టపడి ఇంజన్ మొత్తం విప్పి బాగుచేశారు. అంటే, అందరి లెక్కలో అతను చేశాడు. ప్రతి బోల్టునూ కిరసనాయిల్లో కడిగి, ఏది ఎక్కడిదో డబ్బాల మీద రాసి, చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని మసి గీకిన పనికి పేరు లేదు. "ఖాళీగానే ఉంటుందిగా, కాస్త చెయ్యందిస్తుంది" అంటుంది అత్త, వచ్చినవాళ్ళతో.

నిన్న ఇంజన్ అంటుకోకుండా ప్లగ్గులు తీసి, ఆమె చేత తాళం తిప్పించి ఇంజనంతటికీ ఆయిల్ ఎక్కించాడు. ఆయిల్ అందలేదని చెప్పే ఎర్ర లైటు ఆరింది. కానీ ఇంజన్లోకి గాలి పంపే మానిఫోల్డ్‌కి అతుకులో వేసే గాస్కెట్ దొరక్క దాన్ని బిగించలేదు. "రంధ్రాల్లో దుమ్ము పడకుండా ఏవైనా గుడ్డలు కుక్కు" అన్నాడు. కుక్కింది. పొద్దున గాస్కెట్ రాగానే, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, అందిన గుడ్డలు లాగి ఆమె బకెట్లో పడేసి మానిఫోల్డ్ బిగించేశాడు. ఏడోది లోపలే ఉండిపోయింది. ఇంజన్ అంటుకుంటే దాన్ని మింగేస్తుంది. గుండీ వాల్వు కింద పడితే మూడు వారాల పనీ మట్టే.

"ఏమండీ, ఒక గుడ్డ తక్కువొచ్చింది."

"గాలికి ఎటో పోయుంటుంది."

"గుండీ ఉన్న ముక్కండీ. ఒక్కసారి మానిఫోల్డ్ విప్పి..."

అతను స్పానర్ ఆపలేదు. స్టూలు మీద టీ తాగుతున్న టాక్సీ డ్రైవరు వైపు తిరిగి నవ్వాడు. "విన్నావా అన్నా? తొమ్మిదో క్లాసు దాటనివాళ్ళు నాకు లెక్కలు చెబుతున్నారు!"

"పోన్లేవయ్యా. తొలికాన్పు కంగారు అందరికీ ఉండేదేగా" అన్నాడు డ్రైవరు.

ఆ తొమ్మిదో క్లాసు ఆమె మానలేదు, తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి మాన్పించారు. ఇక తొలికాన్పంటే, ఏడు నెలల కిందట నొప్పుల్లో ఏదో తేడాగా ఉందని మూడుసార్లు చెప్పింది. "లోకంలో ఎవరూ కనలేదా?" అంది అత్త. "నా బుర్ర తినకు" అన్నాడు మొగుడు. చివరికి ఆస్పత్రిలో డాక్టరమ్మ, ముందే చెప్పడానికేమైందని తిట్టింది. తిట్టింది కూడా ఆమెనే. చెప్పిన మాట ఎవరికీ గుర్తుండదు. తప్పు మాత్రం తడుముకోకుండా ఆమె ఇంటికే వస్తుంది. రేపు ఇంజన్ పగిలితే అనబోయే మాటా తెలుసు: గుడ్డలు కుక్కింది నువ్వేగా.

"అమ్మాయ్! పాలకేడుస్తోంది. ఆ కారు దగ్గర నీకేం ముచ్చట్లు?" లోపల్నుంచి అత్త.

"ముందు తాళం తిప్పి పో" అన్నాడు మొగుడు.

చంటిదాని ఏడుపుకి రవిక తడుస్తోంది. పమిట లాక్కుని సీట్లో కూర్చుంది. ఎత్తిన బానెట్ వెనక అతని మొహం కనబడదు, చెయ్యి మాత్రమే కనిపిస్తుంది. చెయ్యి ఊగింది. "తిప్పు!"

తాళం చల్లగా ఉంది. ఇంకోసారి చెబుదామనుకుంది. చెప్పినా ఏం లాభం?

"చెవుడా నీకు? తిప్పవే!"

ఆమె తాళం బయటికి లాగింది. గుప్పిట్లో బిగించి కారు దిగి, ఎవరి మొహమూ చూడకుండా గదిలోకి నడిచింది. అత్త చేతుల్లోంచి చంటిదాన్ని అందుకుని గోడవారగా చతికిలబడి రొమ్ము అందించింది.

"తాళమేదే?" అతను గుమ్మంలోకి వచ్చాడు.

ఈ గుప్పిట విప్పించడం అతనికెంతసేపు? బిడ్డ ఒళ్ళో ఉన్నంతసేపు మీదికి రాడు. ఆ కాస్త వ్యవధే ఆమె చేతిలో ఉంది.

"మానిఫోల్డ్‌కి ఎనిమిది బోల్టులండీ" అంది. "ఇది తాగేలోపు విప్పొచ్చు."